గిటార్ ఆర్మ్‌రెస్ట్

గిటార్ మీటేటప్పుడు ముంజేయి ఆనే అంచు మీద అమర్చే చిన్న ఆసరా ఆర్మ్‌రెస్ట్. అకూస్టిక్ గిటార్ల పెట్టె బాగా లోతుగా ఉంటుంది. డ్రెడ్‌నాట్ రకంలో సుమారు 12 సెంటీమీటర్లు. ఎక్కువసేపు సాధన చేస్తే ఆ అంచు ముంజేతిలోకి ఒత్తుకుని, చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఆసరా ఆ ఒత్తిడిని వెడల్పుగా పంచుతుంది.

అంతకన్నా విలువైన ప్రయోజనం నాదానికి. తీగల కదలికకు పైపలక కంపిస్తేనే ధ్వని నిండుగా పలుకుతుంది. చెయ్యి ఆనితే ఆ కంపనం కొంత అణగుతుంది. ఆర్మ్‌రెస్ట్ చేతిని పలకకు ఎడంగా నిలుపుతుంది. క్లాసికల్ గిటార్లకు లక్కతో వేసే ఫ్రెంచ్ పాలిష్ చాలా పలుచన, చెమటకు మసకబారుతుంది. ఆ పూతకూ ఇది రక్షణే.

కొన్ని చెక్క ఆర్మ్‌రెస్టులను రెండువైపులా అంటుకునే టేపుతో అతికిస్తారు. సర్దుకునే రకాలను స్క్రూ బిగింపుతోనో, సక్షన్ కప్పులతోనో నిలిపి, వాయించేవారి చేతికి తగ్గట్టు చోటూ ఎత్తూ మార్చుకోవచ్చు. సున్నితమైన పూతల మీద కప్పులు మచ్చలు వదలవచ్చు కనుక వాయించడం కాగానే తీసేయడం మంచిది.

విడి ఆసరా అక్కర్లేకుండా అంచునే ఏటవాలుగా మలిచే గిటార్లూ ఉన్నాయి. కెనడా తయారీదారు విలియం లాస్కిన్ ఈ పద్ధతికి పేరుపడ్డారు. ఎలక్ట్రిక్ గిటార్లలో 1954 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కే ముంజేయి ఆనేచోట అంచు చెక్కి ఉండేది.