విద్యుత్ స్విచ్ రేటింగు: చరిత్ర

ఒక స్విచ్ ఎంత విద్యుత్ ప్రవాహాన్ని అతిగా వేడెక్కకుండా మోయగలదో, ఎంత ప్రవాహాన్ని తాను చెడిపోకుండా తెంచగలదో తెలిపే పరిమితిని దాని రేటింగు అంటారు. దీన్ని ఆంపియర్లలో చెబుతారు. పక్కన వోల్టేజీ, విద్యుత్తు రకం కూడా ఉంటేనే ఆ అంకెకు అర్థం. భారతీయ గృహాల్లో 6, 16 ఆంపియర్ల స్విచ్‌ల వాడకం ఎక్కువ. ఎలక్ట్రీషియన్ల నోట ఇవి ఇప్పటికీ ‘ఫైవ్ యాంప్స్’, ‘ఫిఫ్టీన్ యాంప్స్’గానే వినిపిస్తాయి.

మోయడం, తెంచడం

స్విచ్ వేసి ఉన్నంతసేపూ దానికి ఎదురయ్యేది వేడి. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జేమ్స్ జూల్ 1841లో ప్రకటించాడు. ఆ లెక్కన 6 ఆంపియర్ల స్విచ్‌లో 16 ఆంపియర్లు పారితే వేడి మూడు రెట్లతో ఆగదు, ఏడు రెట్లు దాటుతుంది. రెండు లోహపు మొనలు ఆనుకునే చోట, తీగను బిగించే స్క్రూ దగ్గర ఈ వేడి కేంద్రీకృతమవుతుంది. స్క్రూ వదులైతే సరైన రేటింగు ఉన్న స్విచ్ కూడా మాడుతుంది. వాడుకలో దీన్నే ‘లూజు కాంటాక్ట్’ అంటారు.

స్విచ్ ఆపే క్షణంలో ఎదురయ్యేది వేరు. మొనలు విడిపోతుండగా వాటి మధ్య గాలి అయనీకరణం చెంది, ప్రవాహం విద్యుత్ చాపం రూపంలో కొనసాగుతుంది. 50 హెర్ట్జ్‌ల ఏసీలో ప్రవాహం సెకనుకు 100 సార్లు సున్నాకు చేరుతుంది కాబట్టి ఈ చాపం సాధారణంగా దానంతట అదే ఆరిపోతుంది. డీసీలో అలాంటి సున్నా లేదు. మొనలు వేగంగా, తగినంత దూరం జరిగితే తప్ప చాపం ఆగదు. రేటింగు చరిత్రలో ఎక్కువ భాగం ఈ రెండో సమస్య చుట్టూ నడిచింది.

తొలి స్విచ్‌లు (1880–1884)

1880కి ముందు స్విచ్ అంటే టెలిగ్రాఫ్ మీట, ప్రయోగశాలలోని కత్తి స్విచ్ వంటివే.

1880లో ఇంగ్లండ్‌లోని నార్తంబర్లండ్‌లో, విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ తన క్రాగ్‌సైడ్ భవనంలో జోసెఫ్ స్వాన్ తయారు చేసిన దీపాలు అమర్చాడు. గ్రంథాలయంలోని కొన్ని దీపాలను రాగిపై మీనాకారీ చేసిన కూజాల మీద నిలిపారు. కూజా అడుగు పాదరసానికి తగిలితే దీపం వెలిగేది, కూజాను పైకెత్తితే ఆరేది. అక్కడ స్విచ్ పని చేసింది ఆ కూజాయే.

1882లో లండన్‌లోని సొసైటీ ఆఫ్ టెలిగ్రాఫ్ ఇంజనీర్స్ అండ్ ఆఫ్ ఎలక్ట్రీషియన్స్ విద్యుద్దీపాల వల్ల కలిగే అగ్నిప్రమాదాల నివారణకు నియమాలు వెలువరించింది. నేటి బ్రిటిష్ వైరింగ్ నియమాలకు ఇవే మూలం. అదే ఏడాది ఫీనిక్స్ బీమా సంస్థ కూడా తన నియమాలు ప్రచురించింది. స్విచ్ పిడి అటూ ఇటూ కాకుండా మధ్యలో నిలిచిపోకూడదన్నది ఆనాటి నియమకర్తల పట్టు. అలా నిలిస్తే చాపం ఆరకుండా మండుతూ ఉంటుంది.

దీనికి చక్కని పరిష్కారం న్యూకాజిల్ అపాన్ టైన్ నగరం నుంచి వచ్చింది. 1883లో అక్కడ విద్యుత్ సామగ్రి సంస్థను నెలకొల్పిన జాన్ హెన్రీ హోమ్స్ మరుసటి ఏడు, 1884లో, ‘క్విక్ బ్రేక్’ స్విచ్‌కు పేటెంటు పొందాడు. పిడిని తిప్పే చెయ్యి ఎంత నెమ్మదిగా కదిలినా లోపలి స్ప్రింగు మాత్రం మొనలను ఒక్క ఉదుటున విడదీసేది. తెంచే వేగం వాడేవారి చేతి కదలిక మీద ఆధారపడటం దానితో ఆగిపోయింది. ఫలానా స్విచ్ ఫలానా ప్రవాహాన్ని తెంచగలదని ముందే చెప్పాలంటే, అది ప్రతిసారీ ఒకే తీరున తెంచాలి. ఆ విధంగా రేటింగు అన్న భావనకే హోమ్స్ స్ప్రింగు ఆధారమైంది. సాదాసీదాగా కనిపించే ఈ పరికరం విద్యుత్ చరిత్రలో గొప్ప ఆవిష్కరణల సరసన నిలుస్తుంది.

దీపం మారడం

తొలి దీపాల్లో కర్బన తంతువు ఉండేది. కర్బనం చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం ఎక్కువ. అందువల్ల స్విచ్ వేసిన క్షణాన ప్రవాహం తక్కువగా మొదలై క్రమంగా పెరిగేది. అమెరికాలో విలియం కూలిడ్జ్ కృషి ఫలితంగా 1910 ప్రాంతంలో తీగగా సాగే టంగ్‌స్టన్ తంతువు వచ్చింది. దాని గుణం కర్బనానికి పూర్తిగా వ్యతిరేకం. చల్లటి టంగ్‌స్టన్ తంతువు నిరోధం వేడెక్కిన తంతువు నిరోధంలో పదో వంతుకు అటూ ఇటూ మాత్రమే. దీంతో స్విచ్ వేసీ వేయగానే సాధారణం కంటే పది రెట్లకు పైగా ప్రవాహం దూసుకువస్తుంది. తెంచడమే కాదు, కలపడం కూడా పరీక్షేనని అప్పుడు తేలింది. అమెరికన్ స్విచ్‌ల మీద కనిపించే ‘టీ’ గుర్తు ఈ టంగ్‌స్టన్ భారానికి సంబంధించినదే.

ఇదే కాలంలో తొడుగు పదార్థం కూడా మారింది. పింగాణీ, చెక్కల స్థానంలోకి లియో బేక్‌లాండ్ 1907లో రూపొందించిన బేకలైట్ వచ్చింది. 1924లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్జ్ చిన్న సర్క్యూట్ బ్రేకర్‌కు పేటెంటు పొందాడు. అదే నేటి ఎంసీబీకి పూర్వరూపం. 1934 నాటి బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 546 గుండ్రని పిన్నుల ప్లగ్గులను 2, 5, 15, 30 ఆంపియర్లుగా వర్గీకరించింది. మన ఇళ్లలోని చిన్న ప్లగ్గు, పెద్ద ప్లగ్గు ఈ వర్గీకరణ నుంచి వచ్చినవే.

తర్వాతి అర్ధశతాబ్దంలో ఏసీ సరఫరా అంతటా పరుచుకోవడంతో స్విచ్‌లు చిన్నవై, మొనల మధ్య ఎడం తగ్గి, చప్పుడు కూడా తగ్గింది.

భారతదేశంలో

1897లో డార్జిలింగ్ దగ్గరి సిద్రాపాంగ్ జలవిద్యుత్ కేంద్రం, 1899లో కలకత్తాలో ఇమామ్‌బాగ్ లేన్ కేంద్రం ప్రారంభమయ్యాయి. నిజాం కాలంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున వెలసిన థర్మల్ కేంద్రం హైదరాబాదుకు వెలుగునిచ్చింది. ఆ తావున ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్ ఉంది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నుంచి విద్యుత్తు మొదలైంది. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడింది. ఆనాటి ఇళ్లలో గోడ వెంట చెక్క పట్టీలు, వాటి మీద క్లిప్పులతో బిగించిన తీగలు, చెక్క బోర్డు మీద బొడిపె ఉన్న నల్లని గుండ్రటి బేకలైట్ స్విచ్‌లు కనిపించేవి. ఆ తర్వాత పియానో స్విచ్‌లు, వాటి వెనుకే పాలీకార్బనేట్ మాడ్యులర్ స్విచ్‌లు వచ్చాయి.

భారతీయ ప్రమాణాల సంస్థ 1947లో ఏర్పడి, 1987లో బీఐఎస్‌గా మారింది. గృహ స్విచ్‌లకు ఐఎస్ 3854, ప్లగ్గులు, సాకెట్లకు ఐఎస్ 1293 వర్తిస్తాయి. పాత 5, 15 ఆంపియర్ల స్థానంలో 6, 16 వచ్చినా పాత పేర్లు పోలేదు. 2003 నాటి కేంద్ర ఉత్తర్వు గృహ స్విచ్‌లకు ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేసింది. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60669-1 ప్రకారం స్విచ్‌ను దాని రేటింగు ప్రవాహానికి 1.25 రెట్లు, వోల్టేజీకి 1.1 రెట్లు పెట్టి పదేపదే తెంచి చూస్తారు. తీగ బిగించే చోట ఉష్ణోగ్రత పరిసరాల కంటే 45 డిగ్రీలకు మించి పెరగకూడదు.

మంచి స్విచ్‌ను విప్పితే ఇత్తడి పట్టీల చివర చిన్న వెండి మిశ్రమపు బొట్లు కనిపిస్తాయి. రాగి మీద పేరుకునే ఆక్సైడు ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. వెండి ఆక్సైడు వేడికి సులువుగా విడిపోతుంది కాబట్టి ఆ చిటికెడు వెండిని వాడతారు.

ఎంపిక పద్ధతి

వాటేజీని 230తో భాగిస్తే ప్రవాహం వస్తుంది. 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె తీసుకునేది 4.3 ఆంపియర్లు, 6 ఆంపియర్ల స్విచ్ సరిపోతుంది. 2,000 వాట్ల గీజరుకు 8.7 ఆంపియర్లు కావాలి, 16 ఆంపియర్ల స్విచ్ తప్పదు. జాతీయ విద్యుత్ నియమావళి లైట్లు, ఫ్యాన్ల ఉపసర్క్యూట్‌కు 10 పాయింట్లు, 800 వాట్లు హద్దుగా పెట్టింది.

ఈ లెక్క మోటార్లకు చాలదు. ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజు మోటారు నడిచేటప్పుడు సుమారు 6 ఆంపియర్లు తీసుకున్నా, తిరగడం మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. బోరు మోటారుకు గోడ స్విచ్ కాకుండా స్టార్టరు పెట్టడానికి ఒక కారణం ఇదే. ఎంసీబీ ఉంది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. అది ప్రధానంగా తీగను కాపాడుతుంది. 20 ఆంపియర్ల ఎంసీబీ కింద 6 ఆంపియర్ల స్విచ్‌లో 9 ఆంపియర్లు పారుతుంటే ఎంసీబీ పడిపోదు, స్విచ్ నల్లబడుతుంది.

మళ్లీ డీసీ

ఇంటి స్విచ్ మీద వోల్టుల అంకె పక్కన చిన్న అలగీత ఉంటుంది. అది ఏసీకి గుర్తు. కొన్నవారు దాన్ని చూసే అవసరం ఇంతకాలం పెద్దగా రాలేదు. ఇంటి కప్పుల మీద సౌర ఫలకాలు వచ్చాక పరిస్థితి మారింది. ఫలకాల వరుస నుంచి వచ్చేది డీసీ, అదీ తరచూ వందల వోల్టుల్లో. ఏసీ సున్నాను నమ్ముకుని ఎడం తగ్గించుకున్న స్విచ్ అక్కడ ఆంపియర్ల అంకె సరిపోయినా చాపాన్ని ఆర్పలేదు. అందుకే ఆ లైన్లకు డీసీ రేటింగు ఉన్న ప్రత్యేక ఐసోలేటర్లు వాడతారు. చెయ్యి నెమ్మదిగా తిప్పినా స్ప్రింగు బలంతో మొనలను ఒక్కసారిగా విడదీసే ఏర్పాటు వాటి లోపల ఉంటుంది.