బోధన్ చక్కెర కర్మాగారం - ఉపోత్పత్తుల చరిత్ర: చెరకు పిప్పి నుంచి జియోలైట్ వరకు

వ్యాస సంగ్రహం

బోధన్ చక్కెర కర్మాగారం చరిత్రను సాధారణంగా చక్కెర ఉత్పత్తి, యాజమాన్య మార్పుల కోణం నుంచి వివరిస్తారు. పిప్పి, మొలాసిస్, బూడిద వంటి ఉపోత్పత్తుల కోణం నుంచి ఆ చరిత్రను పరిశీలించడం, చెరకు బూడిదతో జియోలైట్ తయారీ అనే నేటి పరిశోధనాంశాన్ని ఆ నేపథ్యంలో అర్థం చేసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: బోధన్, నిజాంసాగర్, చెరకు పిప్పి, మొలాసిస్, బూడిద, జియోలైట్, చెరకు ధర.

1. ప్రవేశిక

మంజీరా నదిపై 1923లో నిర్మాణం మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఇందూరు ప్రాంత వ్యవసాయ స్వరూపాన్ని మార్చివేసింది. చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో నిర్మితమైన ఈ ప్రాజెక్టు కాలువలు వరితోపాటు చెరకు సాగు విస్తరించడానికి దోహదం చేశాయి. 1932లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం దేశీయ చక్కెరకు సుంకాల రక్షణ కల్పించడంతో మిల్లుల సంఖ్య వేగంగా పెరిగింది. ఈ పరిస్థితుల్లో హైదరాబాదు సంస్థానం 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారాన్ని స్థాపించింది. సంస్థానం 1929లో ఏర్పరచిన పారిశ్రామిక నిధి దీనికి అండగా నిలిచింది.

కర్మాగారం చుట్టూ వెలసిన బస్తీకి శక్కర్‌నగర్ అని పేరు వచ్చింది. తెలంగాణ వ్యవహారంలోని 'శక్కర్' అనే మాట ఊరి పేరులో స్థిరపడింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొన్న రైతుల 'క్యాంపులు', రుద్రూరులోని చెరకు, వరి పరిశోధనా కేంద్రం ఈ వ్యవస్థకు అనుబంధంగా ఎదిగాయి.

2. గానుగ నుంచి మిల్లుకు

మిల్లు రాకముందు చెరకు గానుగకు చేరేది. రసం తీయగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి బెల్లం పొయ్యికి వంటచెరకుగా వాడేవారు. బూడిద పెంటకుప్పకు, అక్కడి నుంచి పొలానికి వెళ్లేది. కాబట్టి రైతు ఇంట 'వ్యర్థం' అనే వేరు పద్దు దాదాపు లేదు. మిల్లు ఈ వలయాన్ని తెంచింది. తూకం వేసి చెరకును అప్పగించిన తరువాత దానిలోని ప్రతి భాగమూ కర్మాగారానిదే అయింది.

ఆ భాగాలు స్వల్పమైనవి కావు. 100 టన్నుల చెరకును ఆడిస్తే సుమారు 10 టన్నుల చక్కెర వస్తుంది. దాని వెంట 28 నుంచి 30 టన్నుల తడి పిప్పి, 4 టన్నులకు పైగా మొలాసిస్, సుమారు 3 టన్నుల ప్రెస్‌మడ్ మిగులుతాయి. పిప్పిని బాయిలర్లలో మండించి ఆవిరి, విద్యుత్తు పుట్టిస్తారు. చివరికి ఒక టన్నుకు లోపే బూడిద మిగులుతుంది.

3. మొలాసిస్: వ్యర్థం సరుకైన వైనం

ఉపోత్పత్తుల్లో మొదట విలువ పొందినది మొలాసిస్. టన్ను మొలాసిస్‌ను పులియబెట్టి బట్టీ పడితే సుమారు 220 నుంచి 250 లీటర్ల ఆల్కహాలు వస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు పెట్రోలు కొరత ఇంధన ఆల్కహాలుకు ప్రాధాన్యం తెచ్చింది. 1948 నాటి భారత పవర్ ఆల్కహాలు చట్టం దానిని పెట్రోలులో కలపడానికి చట్టబద్ధమైన ఆధారం కల్పించింది. శక్కర్‌నగర్‌లోనూ చక్కెర మిల్లుకు తోడుగా డిస్టిలరీ నడిచింది.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనార్హం. 2002లో కర్మాగారంలో 51 శాతం వాటా ప్రైవేటు భాగస్వామికి చేరింది. 2003లో దేశంలో 5 శాతం ఇథనాల్ మిశ్రమ కార్యక్రమం ఆరంభమైంది. 2015 డిసెంబరులో మిల్లు మూతపడింది. 2025 నాటికి దేశం 20 శాతం మిశ్రమ లక్ష్యాన్ని చేరుకుంది. అంటే ఉపోత్పత్తికి జాతీయ స్థాయిలో గిరాకీ ఊపందుకునే నాటికి బోధన్‌లో గానుగాట ఆగిపోయింది.

4. బూడిద నుంచి జియోలైట్

జియోలైట్లు సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కూర్పుతో ఏర్పడే సూక్ష్మరంధ్ర స్ఫటికాలు. స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త క్రోన్‌స్టెడ్ 1756లో వీటికి 'మరిగే రాయి' అనే అర్థంలో ఆ పేరు పెట్టాడు. 1960ల నుంచి పెట్రోలియం శుద్ధి కర్మాగారాల్లో భారీ అణువులను విడగొట్టే ఉత్ప్రేరకాలుగా ఇవి స్థిరపడ్డాయి. నీటి కాఠిన్యం తగ్గించడానికి, డిటర్జెంట్లకు కూడా ఉపయోగపడతాయి.

వీటి తయారీకి సిలికా మూలవస్తువు. చెరకు బూడిదలో అది సమృద్ధిగా ఉంటుంది. బూడిదను క్షారంతో కరిగించి, వడగట్టి, సోడియం అల్యూమినేట్ కలిపి, ఏర్పడిన జిగురు పదార్థాన్ని సుమారు 100 డిగ్రీల వద్ద ఉంచితే స్ఫటికాలు ఏర్పడతాయి. బ్రెజిల్ పరిశోధకులు ఈ మార్గంలో జియోలైట్-ఎ తయారు చేశారు. అయితే చెరకుతోపాటు వచ్చే మట్టిలోని ఇసుక క్వార్ట్జ్ రూపంలో బూడిదలో చేరుతుంది. అది తేలికగా కరగదు. అందుకు బూడిదను ముందుగా ఘనక్షారంతో 550 డిగ్రీల ప్రాంతంలో కరిగించవలసి వస్తుంది. కాబట్టి పొలంలో చెరకును ఎలా నరికారు, మట్టి ఎంత దులిపారు అన్నది ప్రయోగశాలలోని ఫలితాన్ని కూడా ప్రభావితం చేస్తుంది. చక్కెర నుంచి తయారైన కర్బనాన్ని అచ్చుగా వాడి, తరువాత కాల్చివేసి, జియోలైట్‌లో పెద్ద రంధ్రాలు కల్పించే పద్ధతి కూడా ఉంది. ఈ విధంగా చెరకు గడ ఒక్కటే ముడిసరుకునూ అచ్చునూ ఇవ్వగలదు.

ఇటువంటి పరిశోధనకు హైదరాబాదులో సంస్థాగత పునాది ఉంది. సంస్థానం 1944లో నెలకొల్పిన కేంద్ర ప్రయోగశాలలు 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా మారాయి. జియోలైట్ ఉత్ప్రేరకాలపై అక్కడ విస్తృతమైన కృషి జరిగింది.

5. విలువ ఎవరిది?

చెరకు ధర నిర్ణయంలో ఉపోత్పత్తుల ఆదాయాన్ని కూడా పరిగణించాలన్న సూత్రం 2009 నుంచి అమలైన న్యాయమైన, లాభసాటి ధర విధానంలో చోటు పొందింది. 2012లో రంగరాజన్ కమిటీ చక్కెర, ఉపోత్పత్తుల ఆదాయంలో 70 శాతం రైతుకు చెందాలని సూచించింది. ఈ లెక్కల్లో మొలాసిస్, పిప్పి, ప్రెస్‌మడ్ ఉన్నాయి. బూడిదకు వేరుగా చోటు లేదు. నేడు బూడిదకు ధర లేదు కనుక ఇది సమస్యగా కనిపించదు. మొలాసిస్ చరిత్ర మాత్రం హెచ్చరిక వంటిది. పారవేసేదిగా భావించిన పదార్థం సరుకైన తరువాత పంపకం గురించి అడగడం ఆలస్యమవుతుంది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, 'వ్యర్థం' అనేది పదార్థ స్వభావం కాదు. అది ఆయా కాలపు సాంకేతికత, యాజమాన్యం, చట్టం కలిసి నిర్ణయించే స్థితి. రెండు, ఉపోత్పత్తి పరిశోధనకు ప్రయోగశాల ఒక్కటే చాలదు. ఆడే మిల్లు, పండే చెరకు ఉన్నప్పుడే అది పరిశ్రమగా నిలబడుతుంది. మూడు, బోధన్ కర్మాగారం పునరుద్ధరణను చక్కెర లాభనష్టాలతో మాత్రమే తూచడం అసంపూర్ణం. ఇథనాల్, విద్యుత్తు, బూడిదలోని సిలికా కూడా ఆ లెక్కలో చేరాలి. వాటి ఆదాయంలో రైతు వాటా ముందే తేలాలి.