మనశ్శాస్త్ర చరిత్ర: చిత్తవృత్తుల నుండి చైతన్యం వరకు

మనస్సును గురించిన విచారణ భారతీయ దర్శనాలలో ప్రత్యేక శాస్త్రంగా వేరుపడలేదు. అది మోక్షశాస్త్రానికి అంగంగానే వికసించింది. మాండూక్యోపనిషత్తు జాగ్రత్స్వప్నసుషుప్తులను, వాటికి అతీతమైన తురీయాన్ని నిరూపించింది. తైత్తిరీయం అన్నమయాది పంచకోశాలను వివరించింది. పతంజలి మహర్షి చిత్తవృత్తులను ప్రమాణం, విపర్యయం, వికల్పం, నిద్ర, స్మృతి అని ఐదుగా విభజించి, దుఃఖమూలాలైన అవిద్యాది పంచక్లేశాలను నిర్దేశించారు. వేదాంతం ఒకే అంతఃకరణాన్ని వృత్తిభేదాన్ని అనుసరించి నాలుగు పేర్లతో వ్యవహరించింది. సంకల్పవికల్పాలు చేసేది మనస్సు, నిశ్చయించేది బుద్ధి, స్మరించేది చిత్తం, 'నేను' అని అభిమానించేది అహంకారం.

పాశ్చాత్య దేశాలలో ఈ విచారణ తత్త్వశాస్త్రం నుండి విడివడి ప్రయోగశాలలో ప్రవేశించింది. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో విల్‌హెల్మ్ వుంట్ మనశ్శాస్త్ర ప్రయోగశాలను స్థాపించాడు. ఆయన శిష్యుడు టిచెనర్ అనుభవాన్ని మూలాంశాలుగా విడదీసి చూసే సంరచనావాదాన్ని అమెరికాలో ప్రచారం చేశాడు. మనస్సు దేనితో నిర్మితమైందన్నది కాక, జీవితంలో అది ఏ ప్రయోజనాన్ని నెరవేరుస్తుందన్నదే ముఖ్యమని విలియం జేమ్స్ భావించాడు. 1890లో వెలువడిన ఆయన మహాగ్రంథం ప్రకార్యవాదానికి పునాది అయింది. వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ అచేతన మనస్సును, అణచివేయబడిన వాంఛలను ఆధారం చేసుకొని మనోవిశ్లేషణను ప్రతిపాదించాడు. అవయవాల మొత్తం కంటే సమగ్రరూపం వేరని గెస్టాల్ట్ వాదులు చాటారు.

1913లో జాన్ వాట్సన్ మరొక మార్గం పట్టాడు. బాహ్యంగా కనిపించే ప్రవర్తన మాత్రమే శాస్త్రవిషయం కావాలని, అంతర్దర్శనం ప్రమాణం కాజాలదని ఆయన వాదం. ఆ ప్రవర్తనావాదం ప్రాబల్యంలో మనశ్శాస్త్రం నుండి మనస్సే బహిష్కృతమైంది. తరువాత మాస్లో వంటి మానవతావాదులు ఆత్మవికాసాన్ని, సంజ్ఞానవాదులు స్మృతిని, ఆలోచనను తిరిగి శాస్త్రంలోకి తెచ్చారు. అయినా చైతన్యం అంటే ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది.

భారతదేశంలో ఆధునిక మనశ్శాస్త్ర బోధన 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో మొదలైంది. 1922లో గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలోనే భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని నెలకొల్పి, ఫ్రాయిడ్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరుపుతూనే ఆయనతో విభేదించారు. అయితే విశ్వవిద్యాలయాలలో పాఠ్యక్రమం చాలాకాలం పాశ్చాత్యానుకరణంగానే సాగింది.

ఆ లోటును గుర్తించిన తెలుగువారిలో అగ్రగణ్యులు ఆచార్య కోనేరు రామకృష్ణారావు (1932–2021). ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం అభ్యసించిన ఆయన, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె. బి. రైన్ వద్ద అతీంద్రియ జ్ఞాన పరిశోధనలో పాల్గొన్నారు. ఆ పరీక్షల పద్ధతి సరళమైనది. ఐదు గుర్తులు, ఒక్కొక్కటి ఐదేసి చొప్పున, మొత్తం ఇరవై ఐదు కార్డులు. చూడకుండా చెప్పినప్పుడు యాదృచ్ఛికంగా సగటున ఐదు సరిపోతాయి. అంతకంటే ఎక్కువ పదేపదే సరిపోతే కారణం వెతకాలి. 1967లో రామకృష్ణారావు వాల్తేరులో మనశ్శాస్త్ర, పరామనశ్శాస్త్ర విభాగాన్ని ప్రారంభించారు. ఆ ఫలితాలను శాస్త్రజ్ఞులలో అధికులు నేటికీ అంగీకరించలేదు. ఇతరులు పునఃపరీక్షించినప్పుడు అవి నిలకడగా రాలేదన్నది వారి ప్రధానమైన ఆక్షేపణ. ఆ వివాదం ఎటు తేలినా, శాస్త్రవాక్యంపై గౌరవం ఉన్నవాడు పరీక్షకు వెరవనక్కరలేదన్నది ఆయన జీవితం చూపిన మార్గం.

ఆయన ప్రతిపాదనలో సారభూతమైనది దేహం, మనస్సు, చైతన్యం అనే త్రివిధ విభాగం. పాశ్చాత్యులు సాధారణంగా మనస్సును, చైతన్యాన్ని ఒకటిగా తలచారు. సాంఖ్యయోగాలలో మనస్సు ప్రకృతికార్యం, జడం, చైతన్యం పురుషునిది. దీపకాంతి పడిన అద్దం వెలుగును చూపుతుంది, కాని ఆ వెలుగు అద్దానిది కాదు. ఈ వివేకమే భారతీయ మనశ్శాస్త్రానికి మూలస్తంభం.

ఈ చరిత్ర సాధకులకు రెండు విషయాలను బోధిస్తుంది. మొదటిది, పాశ్చాత్య శాస్త్రం మనోవికారాన్ని పోగొట్టి మనిషిని వ్యవహారక్షముణ్ణి చేయాలని చూస్తుంది. యోగం వృత్తులకే సాక్షిని కనుగొనాలని చూస్తుంది. లక్ష్యాలు భిన్నమే గాని పరస్పర విరుద్ధాలు కావు. రెండవది, తీవ్రమైన విషాదాన్నీ భ్రాంతినీ కేవలం గ్రహదోషంగానో భక్తిలోపంగానో భావించి వైద్యాన్ని నిరాకరించడం శాస్త్రసమ్మతం కాదు. చరక సంహిత చికిత్సను దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని మూడు విధాలుగా చెప్పింది. మంత్రజపహోమాదులు మొదటిది, ఆహార ఔషధాలు రెండవది, అహితవిషయాల నుండి మనస్సును మరల్చడం మూడవది. మొదటిదాన్ని పట్టుకొని మిగిలిన రెండింటిని విడిచిపెట్టమని ఆ మహర్షి చెప్పలేదు. ఇంట ఒకరి మనస్సు రోగగ్రస్తమైనప్పుడు అర్చనతో పాటు వైద్యుని ఆశ్రయించడమూ ధర్మమే. వ్యాధి శమించిన చిత్తమే ధ్యానానికి యోగ్యమవుతుంది.

స్వస్తి.