జ్వరపు లెక్క

మలేరియా యనగానే మనకు సికిందరాబాదు స్ఫురించును. అచ్చట 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ కథ పలుమారు విన్నదే. నేడు నేను మనవి చేయదలచినది ఆ జ్వరమును లెక్క వ్రాసిన చరిత్ర.

పూర్వము చెన్నపురి రాజధాని పల్లెలలో జననమరణముల పట్టీ వ్రాయుట గ్రామాధికారుల పని. వారు వైద్యులు కారు. ఒడలు కాగి మరణించినవారి కెల్ల "జ్వరము" అనియే వ్రాసెడివారు. చలిజ్వరమును సన్నిపాతమును ఆ యొక్క మాటలో నిమిడిపోయెను.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము ప్రారంభమగునాటికి దేశమున ఏటేట ఏడున్నర కోట్లమంది ఈ రోగమున బడుచుండిరనియు, 8 లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. డి.డి.టి. చల్లుటచే 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగెను. కాని 1976లో అది 64 లక్షలకు మించెను. మందునకు లొంగని దోమలును, మందుల కొరతయు అందులకు కారణములే. వానితోడ వేరొకటియు గలదు. జ్వరపీడితుల నెత్తురు తీసిన గాజుపలకలు పెక్కుచోట్ల పరీక్షకు నోచుకొనక పేరుకొనిపోయెను. రోగము పొరుగింటి కంటిన పిదప వచ్చు ఫలితము వలన ప్రయోజనమేమి?

2010లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన యొక పరిశోధనము మన దేశమున మలేరియా మరణములు ఏటికి 2 లక్షలకు పైబడునని అంచనా కట్టెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ యంచనా యప్పటికి 15 వేలు మాత్రమే. ఆ పరిశోధనమును పలువురు శంకించిరి. అయినను ఆసుపత్రి గడప త్రొక్కక మరణించినవారు ఆసుపత్రి పట్టీ కెక్కరనుట నిర్వివాదము.

చిరకాలము హాజరుపట్టీ వ్రాసిన బడిపంతులుగా నొక మాట చెప్పుదును. ఖాళీ గడి వేరు, సున్న వేరు. వాగు పొంగి మన్యపుటూరినుండి నివేదిక రాని నెలలో గడి ఖాళీగా నుండును. పైకచేరీలో దానిని సున్నగా కూడినచో, రోగము ముమ్మరించిన నెలయే ఆరోగ్యపు నెలగా గాన్పించును. మందులు వేరొక యూరికి బోవును. అట్లే పదిమంది రోగులనినంత మాత్రమున చాలదు. నూరుగురిని పరీక్షింపగా పదిమందియా, పదిమందిని పరీక్షింపగా పదిమందియా?

కావున పరీక్షించినవారిని, రోగము తేలినవారిని వేర్వేరుగా వ్రాయవలయును. నెల ముగియగానే నివేదికను పట్టీతో సరిచూడవలయును. రాని నివేదికను రాలేదనియే వ్రాయవలయును. వ్రాసినవారికి ఆ లెక్క ఫలితమును తెలుపవలయును. తన లెక్క వలన తన యూరికి మందు వచ్చినదని యెరిగినవాడు మరుసటి నెల మరింత శ్రద్ధతో వ్రాయును.