చనిపోయిన మనిషికి వేసిన ఓటు

"చనిపోయిన మనిషికి ఓటేస్తే అది లెక్కకు వస్తదా సార్?"

2014 వేసవిలో రేగుంటలో నన్ను ఈ మాట అడగనివాళ్లు తక్కువ. మా గడ్చిరోలి–చిమూర్‌లో పోలింగ్ ఏప్రిల్ 10నే ముగిసింది. ప్రాణహిత అవతల తెలంగాణలో 30న, ఆంధ్రలో మే 7న. ఉన్నది మహారాష్ట్రలో అయినా మా ఇళ్లలో మోగేది హైదరాబాద్ చానెళ్లే. అందుకని మా ఓట్లు పెట్టెలో పడ్డాక కూడా ఎలక్షన్ ముచ్చట ఆగలేదు. జిల్లా పరిషత్ బడిలో పాఠాలు చెప్పి, ఎలక్షన్ డ్యూటీలు చేసినవాణ్ణి కనుక చట్టమంతా నా జేబులో ఉంటుందని ఊరివాళ్ల నమ్మకం.

అప్పటి కర్నూలు జిల్లా ఆళ్లగడ్డలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి శోభా నాగిరెడ్డి ప్రచారం చేసి ఇంటికి తిరిగొస్తూ కారు ప్రమాదంలో గాయపడ్డారు. మర్నాడు, ఏప్రిల్ 24న, హైదరాబాద్ ఆసుపత్రిలో కన్నుమూశారు. పోలింగ్‌కు ఇంకా రెండు వారాలుంది. అభ్యర్థి పోతే ఎన్నిక వాయిదా పడుతుందని అందరూ అనుకున్నారు. పడలేదు. ఈవీఎం మీద ఆమె పేరు, పక్కన ఫ్యాను గుర్తు అలాగే ఉన్నాయి. జనం నొక్కారు. తెలుగుదేశం అభ్యర్థి గంగుల ప్రభాకర్ రెడ్డి మీద 17,928 ఓట్ల ఆధిక్యంతో ఆమె గెలిచారు.

ఎందుకు వాయిదా పడలేదో చెప్పాలంటే పాత కథలోకి పోవాలి.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 52వ సెక్షన్ మొదట్లో అందరినీ ఒకే తీరుగా చూసింది. పెద్ద పార్టీ మనిషైనా, డిపాజిట్ దక్కని ఇండిపెండెంటైనా, పోలింగ్‌కు ముందు పోతే మొత్తం ఎన్నిక రద్దు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అది మర్యాద గల చట్టమే, కాని తుపాకీ పట్టినవాడికి అంతకన్నా సులువైన దారి ఇంకొకటి లేదు. ఒక నియోజకవర్గంలో ఎన్నిక జరగనీయకూడదంటే ఎవరికీ తెలియని, కాపలా లేని ఇండిపెండెంటును కాలిస్తే చాలు. 1991లో పంజాబ్‌లో ఇరవై మందికి పైగా అభ్యర్థులు హతమయ్యారు. ఆ జూన్‌లో జరగాల్సిన ఎన్నికలు ఆగిపోయి, 1992 ఫిబ్రవరిలో జరిగాయి. ఆ ఎన్నికలకు ముందే చట్టం మార్చారు: ఇండిపెండెంటు చావుతో ఎన్నిక ఆగదు. 1996లో మరో సవరణ వచ్చింది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి పోతేనే పోలింగ్ ఆగుతుంది, అదీ రద్దు కాదు, వాయిదా. పార్టీకి కొత్త మనిషిని నిలబెట్టుకోవడానికి ఏడు రోజుల గడువు. మిగతా అభ్యర్థుల నామినేషన్లు అలాగే చెల్లుతాయి.

ఈ తుపాకీ భయం ఎక్కడిదో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇటు అడవిలో ఓట్లు బహిష్కరించమని కరపత్రాలు చూశాం, పోలింగ్ సిబ్బందిని హెలికాప్టర్లలో దింపడం చూశాం, ఇప్పటికీ మధ్యాహ్నం మూడింటికే పోలింగ్ ముగించడం చూస్తున్నాం. 1991లో ఇక్కడి నాయకుడు ధర్మారావు బాబా ఆత్రాంను నక్సలైట్లు ఎత్తుకుపోయి, ఆయన్ను వదలడానికి తమ మనిషిని జైలు నుంచి విడిపించుకున్నారు. నది అవతల సిర్పూర్‌లో ఇండిపెండెంటుగా గెలిచిన పాల్వాయి పురుషోత్తంరావును 1999 ఎన్నికల ముందు కాల్చి చంపారు. ఆ ఎన్నికల్లో ఆయన భార్య రాజ్యలక్ష్మి గెలిచారు.

మళ్లీ ఆళ్లగడ్డకు వస్తే, మెలిక 'గుర్తింపు' దగ్గరే. జగన్ పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ 2011లో పుట్టింది. 2012 ఉప ఎన్నికల్లో 18 అసెంబ్లీ సీట్లలో 15 గెలిచింది, వాటిలో ఆళ్లగడ్డ ఒకటి, గెలిచింది శోభే. అయినా సాధారణ ఎన్నికల్లో తగినన్ని ఓట్లో సీట్లో చూపిస్తే తప్ప గుర్తింపు రాదు, ఉప ఎన్నికలు ఆ లెక్కలోకి రావు. అంటే సగం రాష్ట్రాన్ని ఊపేస్తున్న పార్టీ అభ్యర్థి కూడా చట్టం కంటికి ఊరూపేరూ లేని ఇండిపెండెంటుతో సమానం. 2014లో ఆంధ్రలో ఆ పార్టీ 67 సీట్లు తెచ్చుకుంది కనుక గుర్తింపు వచ్చింది. అదే ఎన్నికలో ఆమె చనిపోయి గెలిచారు. గుర్తింపు ఒక్క ఎన్నిక ఆలస్యమైంది, అంతే.

చనిపోయిన మనిషి గెలవడం మనకే వింత కాదు. అమెరికాలో 2000లో మిస్సోరీ గవర్నర్ మెల్ కార్నహన్ విమాన ప్రమాదంలో పోయిన మూడు వారాలకు సెనేట్ ఎన్నిక గెలిచాడు. ఆ సీట్లో భార్య కూర్చుంది. మన దగ్గర అలా నియమించే దారి లేదు, ఉప ఎన్నిక పెట్టాల్సిందే. ఆళ్లగడ్డలో అదే ఏడాది శోభ కూతురు అఖిలప్రియ పోటీ లేకుండా ఎన్నికయ్యారు. తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు. నందిగామలో తెలుగుదేశం ఎమ్మెల్యే పోతే జగన్ పార్టీ కూడా అలాగే తప్పుకుంది. చట్టంలో లేని మర్యాద అది. 2017లో అఖిలప్రియ తండ్రి భూమా నాగిరెడ్డి పోయాక నంద్యాలలో ఆ మర్యాద కూడా నిలవలేదు, రెండు పార్టీలూ హోరాహోరీగా కొట్టుకున్నాయి.

నన్నడిగితే, తుపాకీకి భయపడి చేసిన సవరణను తప్పు పట్టలేను. కాని కొలత సరిగా పడలేదంటాను. ఇండిపెండెంటంటే ప్రతిసారీ ఊరూపేరూ లేనివాడు కాదు: 2009లో మా అహేరి నియోజకవర్గం దీపక్ ఆత్రాం అనే ఇండిపెండెంటును గెలిపించి అసెంబ్లీకి పంపింది. అయినా చట్టానికి తేడా పార్టీ గుర్తింపే. 2023లో రాజస్థాన్‌లోని కరణ్‌పూర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి పోతే పోలింగ్ 2024 జనవరికి మారింది, కొత్త అభ్యర్థి గెలిచాడు. అదే 2024 నవంబర్ 20న మా మహారాష్ట్రలోనే, బీడ్‌లో, ఒక ఇండిపెండెంటు అభ్యర్థి పోలింగ్ కేంద్రంలో గుండె ఆగి కుప్పకూలి చనిపోయాడు. పోలింగ్ సాయంత్రం దాకా సాగింది.