మా ముత్తాత చుంగాణి

మా మాలూరు ఇంటి అటకమీద రేకుపెట్టెలో ఒక చుంగాణి ఉండేది. తమిళంలో దాన్ని సుంగాన్ అంటారు, మేము బడిలో చదివిన కన్నడంలో చిలుమె, దొరల భాషలో పైపు. కోలారు జిల్లాలో పుట్టినవాళ్ళకు ఒకే వస్తువుకు ఇన్ని పేర్లుండడం కొత్తేమీ కాదు.

దాని గిన్నె బాగానే ఉంది. నోట పెట్టుకునే గొట్టం మాత్రం గిన్నెలోకి దూరే చోట విరిగింది. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టేవాళ్ళు కాదు. "దాంతోనే మీ ముత్తాత దగ్గి దగ్గి పోయినాడు" అని అవ్వ అనేది. ఆయన పోయింది 1954లో, యాభై కూడా నిండలేదు.

మొన్న ఆయుధపూజకు పెట్టె దించినప్పుడు చిన్నాయన "దీనికి కొత్త గొట్టం చేయిద్దాం రండ్రా" అన్నాడు. అన్నదమ్ములం సరే అన్నాము.

ఈ చుంగాణి మన ఊరిది కాదు, కేజీఎఫ్ నుంచి వచ్చింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనుల్లో దిగింది. 1894కు బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారపేట, నుంచి మారికుప్పం దాకా రైలు పడింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. దొరలతోపాటు క్లబ్బులు, బంగళాలు, పైపులూ వచ్చినాయి. చిత్తూరు వైపునుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి వేలమంది కూలికి వచ్చినారు. మా ముత్తాత ఒక గనిలో ఫిట్టరు. రాయి తొలిచే డ్రిల్లు మిషన్లు చెడిపోతే లోపలికి దిగి బాగుచేసేవాడు.

చుంగాణి గిన్నె బ్రయర్ కట్టెది. మధ్యధరా సముద్రం చుట్టూ పెరిగే ఒక పొద వేరు దగ్గరి ముద్దనుంచి తీస్తారు, వేడికి తొందరగా కాలదు. గొట్టం ఎబొనైటుది. రబ్బరులో గంధకం బాగా కలిపి గంటలకొద్దీ వేడిచేస్తే కొమ్ములాగా గట్టిపడుతుంది, అదే ఎబొనైటు. రాజమండ్రిలో రత్నం పెన్నులు చేసేది కూడా దీంతోనే. అందుకే పెన్నులు చేసేవాళ్ళ దగ్గర ఒక కడ్డీ కొనుక్కొచ్చినాము.

మాలూరులో ఇటుక, పెంకుల ఫ్యాక్టరీల మిషన్లు రిపేరు చేసే లేతు షాపుకు పోయినాము. మేస్త్రీ మొదట నవ్వినాడు, తర్వాత ఇష్టంగానే చేసినాడు. ముందు కడ్డీలో పొగ వచ్చే సన్నటి రంధ్రం వేసినాడు. తర్వాత గిన్నెలో దూరే కొసను కొంచెం కొంచెంగా తరిగి బిగువు చూసినాడు. ఎక్కువ బిగిస్తే గిన్నె మెడ పగులుతుంది, వదులైతే గాలి లాగుతుంది. తరుగుతుంటే షాపంతా గంధకం వాసన. నోటికొసను ఆకురాయితో పలచగా చేసి, లోపల రంధ్రాన్ని విసనకర్ర మాదిరి వెడల్పు చెయ్యాలి. ఆ పని ఇంట్లో మేమే చేసినాము, రెండు ఆదివారాలు పట్టింది. చివర్లో రంధ్రం మూసుకుపోకుండా లోపల తీగ పెట్టి, వేడి ఇసుకలో ఉంచి వంచినాము. ఆ వంపు చేత్తో పట్టుకునే చన్నీళ్ళల్లో ముంచినాము.

అసలు సంగతి కొలతలు తీసేటప్పుడే బయటపడింది. పాత గొట్టం ఫ్యాక్టరీ సరుకు కాదు. రంధ్రం రెండు పక్కలనుంచీ వేసినారు, మధ్యలో కొంచెం తప్పి కలిసింది. ఆకురాయి గీతలు ఇంకా ఉన్నాయి. "ఇది వర్కుషాపు పని, తాతే చేసుకున్నాడు" అన్నాడు చిన్నాయన. అంటే మేము మారుస్తున్నది కూడా ఒకప్పుడు మార్చిన గొట్టమే. గొట్టం విరిగిందని దొర ఎవరో పారేస్తే ఈయన తెచ్చుకున్నట్టుంది.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఎవరన్నా తప్పు ఇక్కడుందంటే, నిజంగా అక్కడే ఉందా అని చూసుకోవడం అలవాటు. గిన్నె మెడలో స్పిరిటు తడిపిన దూది పెడితే కారునలుపుగా వచ్చింది. గొట్టంలో పెడితే దాదాపు తెల్లగానే వచ్చింది. నోటికొసమీద ఒక్క పంటిగుర్తు లేదు. రోజూ కొరికిపట్టుకుంటే ఎబొనైటుమీద గుర్తులు పడకుండా ఉండవు. ఆ మసి అంతా మొదటి యజమానిది. మా ముత్తాత దీన్ని తాగిందే తక్కువ.

అవ్వను అడిగినాము, "నువ్వు చూసినావా ఆయన తాగంగా?" అని. చాలాసేపు మాట్లాడలేదు. "లేదు నాయనా, అత్త చెప్పేది. బీడీ కూడా ముట్టేవాడు కాదు" అంది.

మరి దగ్గు? 1940ల్లో డాక్టర్లు కేజీఎఫ్ గని పనివాళ్ళను వేలమందిని పరీక్ష చేస్తే, నూటికి నలభైమందికి పైగా సిలికోసిస్ ఉందని తేలింది. డ్రిల్లు తొలిచే రాతిధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే రోగం అది. ఆయన పని ఆ డ్రిల్లుల పక్కనే. ఇంట్లో అందరూ పొగాకునే తిట్టుకున్నారు కాబట్టి ధూళి సంగతి ఎవరూ అడగలేదు, నష్టపరిహారం మాటే రాలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినారు, ఇప్పుడు పోయి అడగడానికి ఎవరూ లేరు.

కొత్త గొట్టం బాగా కుదిరింది. చుంగాణి ఇప్పుడు అటకమీద లేదు, ముత్తాత ఫోటో కింద ఉంది. పాత గొట్టాన్ని పక్కనే పెట్టినాము. ఆయన చేతిపని మా దగ్గర మిగిలింది అదొక్కటే. అవ్వ రోజూ రెండింటినీ తుడుస్తా ఉంది.