కోత ఎత్తు: అడవి అంచున ఒక చరిత్ర

కత్తి పదును ఎంతయని అందరమూ అడుగుదుము. ఆ కత్తి నేలకు ఎంత ఎత్తున ఆడినదని అడుగువారు తక్కువ. కాని మొక్క తిరిగి చిగుర్చునా, మోడుగానే మిగులునా అనుట చాలవరకు ఈ రెండవ ప్రశ్నపైననే ఆధారపడి యున్నది. ఖమ్మము మైదానము ముగిసి భద్రాచలపు మన్యము మొదలగు ఆ సరిహద్దున వంద సంవత్సరములకు పైగా మనుష్యులు, చట్టములు, యంత్రములు కోత ఎత్తును తమ తమ అవసరముల కొలది నిర్ణయించుచు వచ్చినవి. ఆ కథను ఈనాడు కొంత పరిశీలింతము.

మొదట చెప్పవలసినది పోడు. కోయలు, కొండరెడ్లు కొండవాలున ఒక చెక్కను ఎంచుకొని, చలికాలము చివర చెట్లు నరికి, ఎండలలో ఆరనిచ్చి, తొలకరికి ముందు కాల్చి, బూడిదలో జొన్నలు మొదలగు విత్తనములు వేసెడివారు. 1945లో వెలువడిన తన గ్రంథములో హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రవేత్త, గోదావరి తీరపు కొండరెడ్ల జీవనమును వర్ణించినాడు. నాగలి లేని ఆ సేద్యములో మొద్దులను పెకలించు పని లేదు. నిలుచుండి గొడ్డలి వేయువానికి ఎచ్చట చేతివాటము కుదురునో అచ్చటనే దెబ్బ పడెను. మోకాలి ఎత్తున, ఒక్కొక్కచో నడుము ఎత్తున, మోడులు మిగిలెను.

ఆ మోడులే ఆ సేద్యమునకు ఊపిరి. రెండు మూడు పంటలు తీసి భూమిని విడిచిన పిదప, నేలలో బ్రతికియున్న వేళ్ళనుండి చిగురు లేచి అడవి మరల కమ్ముకొనును. బీడు కాలము దీర్ఘముగా నున్నంతవరకు ఈ లెక్క సరిపోయినది. జనము పెరిగి, తిరుగుటకు నేల తరిగి, అదే చెక్కకు త్వరగా మరలి రావలసి వచ్చినప్పుడు మాత్రము మోడు అలసిపోయినది.

ఇక చట్టము వచ్చిన విధము. గోదావరి ఎడమగట్టున ఉన్న భద్రాచల ప్రాంతమును 1860లో నైజాము ఆంగ్లేయులకు వదలివేసెను. అది కొంతకాలము మధ్య పరగణాలలో ఎగువ గోదావరి జిల్లాగా ఉండి, 1874లో మద్రాసు రాజధానియందలి గోదావరి జిల్లాలో చేరినది. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. నది కుడిగట్టు మాత్రము నైజాము ఏలుబడిలోనే నిలిచినది. ఒకే నది, ఒకే అడవి. కాని ఆ గట్టున ఒక చట్టము, ఈ గట్టున మరియొక చట్టము. 1953లో వరంగల్లు నుండి విడివడి ఖమ్మము జిల్లా ఏర్పడినది. 1959లో భద్రాచలము అందులో చేరినది. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము 1967లో వచ్చిన తరువాతనే రెండు గట్టులకు ఒకే శాసనము అమరినది.

అటవీశాఖవారి దృష్టిలో మోడు ఎత్తు ఒక శాస్త్రము. ఎత్తుగా నరికిన మోడుపై లేచిన కొమ్మ గాలికి విరుగును. మోడు కుళ్ళినచో అదియు కూలును. నేలకు దగ్గరగా నరికినచో చిగురు మొదటినుండి లేచి తన వేళ్ళు తాను తన్నుకొనును. అందువలన మోడు పదిహేను సెంటీమీటర్లు, అనగా జానెడు కంటె తక్కువ, మించరాదనియు, కోత వాలుగా ఉండి వాననీరు జారిపోవలెననియు, బెరడు చీలరాదనియు నియమములు పెట్టిరి. శాస్త్రము మంచిదే. కాని నియమములతోపాటు పోడుపై ఆంక్షలును, వెట్టిచాకిరియు వచ్చిపడినవి. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యము ఏల రగిలినదో తెలిసికొనుటకు ఈ మాట మరువరాదు. మోడు ఎత్తు ఎంత అను దానికన్న, దానిని నిర్ణయించు హక్కు ఎవరిది అనుటయే అచ్చట వివాదము.

వెదురు విషయమున ఎత్తు మరింత నిశితమైనది. వెదురు చెట్టు కాదు, గడ్డిజాతి. దాని ప్రాణము నేలలోని దుంపలో ఉన్నది. ఏటేట వానలకు కొత్త బొంగులు దుంప నుండి లేచును. కోతగాండ్రకు చెప్పు కట్టుబాటు ఇది: నేలకు పదిహేను సెంటీమీటర్లకు తక్కువగాను, నలుబదియైదు సెంటీమీటర్లకు ఎక్కువగాను కోయరాదు, కణుపునకు సరిగా పైన కోయవలెను, ఏడాది నిండని బొంగును ముట్టరాదు, వానకాలమున పొదజోలికి పోరాదు. కణుపునకు దూరముగా పైన కోసినచో ఆ గొట్టములో నీరు నిలిచి కుళ్ళు పుట్టును. మరీ ఎత్తున కోసినచో మిగిలిన మోళ్ళు చిక్కుపడి, లోపలి ముదురు బొంగును తీయుటకు దారియుండదు. కూలివాడు పొదవెలుపల నున్న లేత బొంగునే నరికి పోవును, పొద క్షీణించును. రాజమహేంద్రవరపు కాగితపు మిల్లుకును, 1979లో ఉత్పత్తి ఆరంభించిన సారపాక మిల్లుకును పనికివచ్చిన వెదురు వెనుక ఈ చిన్న కొలత ఉన్నది.

తునికాకు దగ్గరకు వచ్చుసరికి లెక్క తలక్రిందులగును. ఇచ్చట కత్తి నేలను తాకునంత దిగవలెను. ఫిబ్రవరి, మార్చి నెలలలో పొదలను మొదలంట కొట్టుదురు. దీనినే కొమ్మకొట్టుడు అందురు. సుమారు నెలన్నరకు వేరునుండి లేచిన పిలకలకు పెద్దవి, మెత్తనివియైన ఆకులు పట్టును. వదలివేసిన పొద ఆకు బీడీకి అంతగా పనికిరాదు. ఏప్రిల్, మే నెలల ఎండలో తెల్లవారకముందే ఇంటిల్లిపాదియు అడవికిపోయి ఆకు కోసి, యాభై ఆకులను ఒక కట్టగా కట్టి కల్లమునకు చేర్చుదురు. 1971 నాటి చట్టముతో ఈ వ్యాపారము ప్రభుత్వము చేతికి వచ్చినది. ఎండాకాలపు రోక్కపు రాబడి ఇదియే యగుటచే, కొమ్మకొట్టుడు సరిగా జరుగని యేడు ఆ లోటు గిరిజనుని ఇంట తెలియును.

1988 నాటి జాతీయ అటవీ విధానము, పరిశ్రమలు తమ ముడిసరకును సహజారణ్యములనుండి గాక రైతుల సహకారముతో పెంచుకొనవలెనని చెప్పినది. 1990 తరువాత సారపాక మిల్లువారు ఎంపిక చేసిన మేలుజాతి జామాయిల్ మొక్కలను రైతులకు అందించిరి. నాలుగేండ్లకు కోతకు వచ్చు ఈ తోట, మొదటి కోత సరిగా పడినచో రెండు మూడు మార్లు మోడునుండియే తిరిగి లేచును. పది, పదిహేను సెంటీమీటర్ల ఎత్తున నునుపుగా కోసి, లేచిన పిలకలలో బలమైన రెండింటిని ఉంచి తక్కినవి తీసివేయుదురు. అటవీశాఖవారి పాత నియమమే ఇప్పుడు రైతు లాభమునకు సూత్రమైనది.

ఇంతవరకు కత్తి చేతిలో ఉన్నది. ఎత్తును చేయి, కన్ను నిర్ణయించినవి. యంత్రము వచ్చిన పిదప ఆ పనిని ఒక మర, ఒక చక్రము చేయవలసి వచ్చినవి. ఇంగ్లండులో బట్టల మిల్లులో నూగు కత్తిరించు యంత్రమును చూచి, 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనునతడు గడ్డికోత యంత్రమును నిర్మించినాడు. అందులో ఒక చిన్న ఉరుళ్ళను పైకి క్రిందికి జరిపి కోత ఎత్తు మార్చుకొను వీలుండెను. 1918 ప్రాంతమున ట్రాక్టరు ఇంజను శక్తిని వెనుకకు అందించు ఇరుసు అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. 1926లో హ్యారీ ఫెర్గూసన్ మూడుచోట్ల తగిలించు అమరికకు పేటెంటు పొందెను. 1951లో అలబామా రాష్ట్రపు సెల్మా పట్టణమున, తిరుగు కత్తులతో పొదలను నరకు యంత్రము బుష్‌హాగ్ అను పేరుతో వెలువడినది. మన రైతులు దీని జాతిని స్లాషర్ అందురు. రొటావేటరు మట్టిని దున్నును. స్లాషర్ మట్టిని ముట్టరాదు.

అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఆయిల్‌పామ్ తోటలలో దీని విలువ తెలియును. ఆ చెట్టు ఆహారపు వేళ్ళు నేల పైపొరలోనే పరచుకొని యుండును. దున్నినచో అవి తెగును. కలుపును పైకోత కోసి, తెగినదానిని అచ్చటనే పరచినచో తేమ నిలుచును.

ఎత్తు సరిచేయు పద్ధతి ఇది. సమతలమున ట్రాక్టరును నిలిపి, ఇంజను ఆపి, ఇరుసు కదలిక లేదని చూచుకొని, యంత్రము క్రింద దిమ్మెలు పెట్టిన పిదపనే చేయి చొప్పింపవలెను. ముందుభాగపు ఎత్తును క్రింది లింకులతోను, వెనుకభాగపు ఎత్తును తోకచక్రముతోను సరిచేయుదురు. పక్కలనున్న జారుడు పట్టీలు కత్తి నేలలో దిగకుండ కాపాడును. ముందుభాగము వెనుకకన్న అంగుళము లోపు తగ్గియుండవలెను. అప్పుడు గడ్డి ఒక్కసారియే తెగి వెనుకకు పోవును, ఇంజనుకు భారము తగ్గును. వెనుక తగ్గినచో గడ్డి పదేపదే తెగి పొడియగును, నూనె ఖర్చు పెరుగును. కొలత తీయవలసినది కత్తి కొననుండి నేలకు. యంత్రపు అంచునుండి కాదు.

అడవి అంచున ఇంకొక జాగ్రత్త కలదు. రాళ్ళు, చెదపుట్టలు, పాత మోడులు గడ్డిలో దాగియుండును. నిమిషానికి 540 చుట్లు తిరుగు ఇరుసు ఆ శక్తిని గేరుపెట్టె ద్వారా కత్తులకు అందించును. కత్తి రాతిని తగిలినచో రాయి తుపాకి గుండువలె ఎగురును. కనుక చదును పొలములోకన్న ఇచ్చట కోత ఎత్తుగానే ఉండవలెను.

ట్రాక్టరుతో వచ్చిన అసలు మార్పు వేరొకటి. నాగలికి మోడు అడ్డము. పోడు చెక్కలోనికి ట్రాక్టరు దున్నకము వచ్చిననాడు మోడులను వేళ్ళతో పెకలింపక తప్పదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద పట్టా పొందిన గిరిజనునికి ఆ పొలము స్థిరమైన జీవనాధారము. అతడు చదును చేసికొనుట న్యాయమే. కాని వేరు పోయిన నేలలో అడవి తనంత తాను తిరిగి రాదు. పొలము హద్దున, వాగు గట్టున, ఏటవాలు చెక్కన మోడులను ఉంచి, కత్తిని జానెడు పైననే ఆపుట నేటికిని చేతనైన పని. గొడ్డలికాలమున ఆ ఎత్తును అలవాటు నిర్ణయించెను, పిదప చట్టము నిర్ణయించెను. నేడు తోకచక్రపు మర రైతు చేతిలో ఉన్నది. దానిని ఎచ్చట బిగించునో, అచ్చటనే రేపటి చిగురు ఉన్నది.